పురుటికి ముందే ఒక చూపు

గుండెజబ్బుతో పుట్టిన బిడ్డను ఒడిలో పెట్టుకుని చిత్తూరు వాళ్లు వేలూరు సీఎంసీకి, సత్యవేడు వాళ్లు చెన్నైకి, కుప్పం వాళ్లు బెంగళూరుకు బస్సెక్కడం నిన్నమొన్నటి సంగతి. 2021 అక్టోబరు 11న తిరుపతిలో బర్డ్ ఆసుపత్రి ఆవరణలో తితిదే వారి శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం మొదలయ్యాక ఆ పరుగు కొంత తగ్గింది. అలవాటైన దారి కనుక కొందరు ఇంకా అటే వెళుతున్నారు. అయినా వేల పసిగుండెలకు కొండ కిందే చికిత్స దొరికింది. 2023 జనవరిలో ఇక్కడ గుండె మార్పిడి కూడా జరిగింది. ఇంత వైద్యం గుమ్మంలోకి వచ్చినా, ఆ బిడ్డ పుట్టకముందే జబ్బు సంగతి తెలుసుకోవడం మీద మనకింకా శ్రద్ధ కుదరలేదు.

వెయ్యి మంది పుడితే వారిలో ఎనిమిది మంది దాకా గుండెలో ఏదో ఒక లోపంతో పుడతారని వైద్యుల అంచనా. వీటిలో చాలామటుకు చిన్న చిల్లులే; కొన్ని వాటంతటవే పూడిపోతాయి. భయపెట్టేవి వేరే ఉన్నాయి. కడుపులో ఉన్నన్నాళ్లూ బిడ్డ ఊపిరితిత్తులకు పని లేదు. ప్రాణవాయువు మాయ నుంచి బొడ్డుతాడు గుండా అందుతుంది. రక్తం ఊపిరితిత్తులను తప్పించుకుని పోయేందుకు గుండె పైగదుల మధ్య ఒక కిటికీ, రెండు పెద్ద ధమనుల నడుమ ఒక అడ్డదారి ఉంటాయి. అందుకే ఆ ధమనులు తారుమారైన బిడ్డ సైతం కడుపులో నిక్షేపంగా పెరుగుతుంది, కాళ్లాడిస్తుంది, పుట్టగానే కేరుమంటుంది. బొడ్డు కోశాక ఆ అడ్డదారి మూసుకుపోవడం మొదలవుతుంది. గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో పెదవులు నీలం తిరుగుతాయి. అడ్డదారిని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్ అనే మందు ఉంది. ఆ తర్వాత చేసే శస్త్రచికిత్సా ఉంది. కానీ తల్లీబిడ్డలు అప్పుడు ఏ పలమనేరులోనో, పీలేరులోనో ఉంటే ఆ మందు అందేలోపే పొద్దుపోతుంది.

కడుపులోని బిడ్డను శబ్దతరంగాలతో చూడవచ్చని గ్లాస్గో వైద్యుడు ఇయాన్ డొనాల్డ్ బృందం 1958లో ప్రకటించింది. బిడ్డ గుండెను గది గదిగా పరిశీలించే పద్ధతి 1980 ప్రాంతంలో లండన్‌లో, అమెరికాలో రూపుదిద్దుకుంది. ఇవాళ మన ఊళ్లలో అయిదో నెలలో తీసే టిఫా స్కాన్ దానికి తొలిమెట్టు. ద్రాక్షపండంత గుండె, నిమిషానికి నూటనలభై సార్లు కొట్టుకుంటూ ఉంటుంది. బిడ్డ వీపు అడ్డం పెట్టి పడుకుంటే తల్లిని కాసేపు నడిచి రమ్మనాల్సిందే. నాలుగు గదులూ కనిపించినంత మాత్రాన పని అయిపోదు. ధమనుల తారుమారు ఆ చూపుకు చిక్కదు. ఏ ధమని ఏ గదిలోంచి బయలుదేరుతోందో, రెండూ ఒకదాన్నొకటి దాటుతున్నాయో లేదో కూడా చూడాలి. అనుమానం వస్తే, బిడ్డ గుండెను ప్రత్యేకంగా పరిశీలించే ఫీటల్ ఎకో పరీక్షకు పంపాలి. వరండా నిండా గర్భిణులు కూర్చుని ఉన్న రోజున ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు దక్కే చోట ఇదంతా జరిగే పనేనా? మనకు యంత్రాల కన్నా ఎక్కువ కరువైనవి ఆ తీరిక, ఆ శిక్షణ.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో సుమారు నాలుగో వంతు పెళ్లిళ్లు రక్తసంబంధీకుల మధ్యే జరిగాయి. మేనరికం చేసుకున్నవారు, గర్భానికి ముందే చక్కెర జబ్బు ఉన్నవారు, తొలి బిడ్డకు గుండెలోపం ఉన్నవారు ఫీటల్ ఎకో చేయించుకోవడం మంచిది. అయితే ఇలాంటి కారణమేదీ లేని తల్లులకే లోపమున్న బిడ్డలు ఎక్కువగా పుడుతుంటారు. కాబట్టి టిఫా అందరికీ కావాలి.

మన సీమలో తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆనవాయితీ. సీమంతం చేసి, గాజులు తొడిగి అమ్మాయిని తీసుకుపోతారు. అయిదో నెల స్కాన్ కాగితాలు మాత్రం అత్తింటి బీరువాలోనే ఉండిపోతాయి. గుండెలోపం సంగతి ఆ స్కాన్‌లోనే తెలిస్తే, పుట్టిల్లు ఎక్కడున్నా కాన్పు తిరుపతిలోనో వేలూరులోనో అయ్యేలా వియ్యంకులు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడానికి నెలల వ్యవధి ఉంటుంది.

ఆడా మగా అని అడగడం 1994 చట్టం ప్రకారం నేరం. స్కాన్ గదిలో ఆ మాట రాసిన బోర్డు కిందే నిలబడి ఆ మాట గుసగుసగా అడిగేవాళ్లు గుండె సంగతి మాత్రం అడగరు. లోపం ఉందంటే కడుపు తీయించుకోమంటారన్న బెదురూ లేకపోలేదు. తీవ్రమైన లోపాలున్నప్పుడు 24 వారాలు దాటినా వైద్య మండలి అనుమతితో గర్భస్రావానికి చట్టం వీలు కల్పిస్తోంది. ఆ నిర్ణయం తల్లిదే. అయితే పిల్లల గుండె వైద్యుడితో మాట్లాడకుండా తీసుకోవలసింది కాదు. ఒకప్పుడు ఆశ వదులుకున్న లోపాల్లో చాలావాటిని ఇప్పుడు సరిచేస్తున్నారు.

ప్రభుత్వాసుపత్రుల్లో ప్రతి నెలా 9న గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. ఆ రోజున టిఫా కాని వారెవరో ఆరా తీయడం కష్టమైన పని కాదు. చిత్తూరు, మదనపల్లె, కుప్పం స్కాన్ గదుల్లో పనిచేసేవారికి హృదయాలయం వైద్యుల చేత శిక్షణ ఇప్పించే బాధ్యతను తితిదే, వైద్యశాఖ కలిసి తీసుకోవాలి. తల్లులు కూడా గుండె నాలుగు గదులూ, రెండు పెద్ద ధమనులూ చూసినట్టు నివేదికలో రాశారో లేదో అడిగి తెలుసుకోండి. పుట్టింటికి బయలుదేరేటప్పుడు గాజులతో పాటు ఆ కాగితాన్నీ సర్దుకోండి.