కోత తగ్గింది, జాప్యమే మిగిలింది

రొమ్ములో గడ్డ తగిలినప్పుడు మన స్త్రీలను రెండు సంగతులు నోరు విప్పనీయవు: రొమ్ము మొత్తం తీసివేస్తారన్న భయం, పరాయి పురుషుని ఎదుట శరీరం చూపవలసి వస్తుందన్న సిగ్గు.

మొదటి భయానికి ఒకప్పుడు కారణం ఉండేది. 19వ శతాబ్ది చివర అమెరికాలో హాల్‌స్టెడ్ అనే వైద్యుడు రొమ్ముతోపాటు ఛాతీ కండరాలను, చంకలోని గ్రంథులను కూడా తొలగించే పద్ధతిని నెలకొల్పాడు. దశాబ్దాల పాటు వైద్యులు దానినే అనుసరించారు. తరువాత ఇటలీలో వెరొనేసి, అమెరికాలో ఫిషర్ దీనిని పరీక్షకు పెట్టారు. కొందరికి రొమ్ము మొత్తం తీశారు; కొందరికి గడ్డను, దాని చుట్టూ కొంత భాగాన్ని మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చారు. 20 ఏళ్ల ఫలితాలు 2002లో వెలువడ్డాయి. ఆయుష్షులో ఇరువర్గాలకూ తేడా లేదు. అయితే ఫిషర్ పరిశీలనలో గడ్డ తీయించుకొని రేడియేషన్ పొందని వారిలో 39 శాతం మందికి అదే రొమ్ములో వ్యాధి తిరగబెట్టింది. పొందిన వారిలో 14 శాతం మందికే. కనుక రొమ్మును నిలుపుకొన్నవారు రేడియేషన్‌ను తమంతట తాము మానరాదు.

ఆ రేడియేషన్ కూడా తేలికయింది. పూర్వం ఐదు వారాలు తిరగవలసి వచ్చేది. నేడు అనేకులకు మూడు వారాలు చాలు. ఎంపిక చేసిన రోగులకు ఒకే వారంలో 5 విడతలు సరిపోతాయని 2020లో బ్రిటన్ పరిశోధన తెలిపింది. చోడవరం నుండి రోజూ విశాఖ వెళ్లిరావలసిన కుటుంబానికి ఇది చిన్న ఊరట కాదు. అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఎన్ని విడతలు అవసరమో వైద్యులను అడగండి.

ఈ సౌలభ్యమంతా ముఖ్యంగా తొలిదశలో వచ్చినవారికే. వెయ్యేళ్ల క్రితం కుర్తుబాకు చెందిన అబుల్ ఖాసిమ్ జహ్రావీ సైతం గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడే శస్త్రచికిత్సకు పూనుకోవాలని, ముదిరినదానిని తాను నయం చేయలేకపోయానని దాచకుండా రాశాడు.

ఇక సిగ్గు సంగతి. హయా విశ్వాసంలో భాగమే. కాని చికిత్స అవసరమైనప్పుడు, అవసరమైనంత మేరకు, శరీరం చూపడానికి షరీఅత్ అనుమతించింది. వైద్యురాలు లభిస్తే ఆమె వద్దకే వెళ్లాలి. లభించనప్పుడు మహ్రమ్ తోడుగా వైద్యుని వద్దకు వెళ్లవచ్చు. చికిత్స మూలంగా రోజా ఉండలేకపోతే కోలుకున్నాక పూర్తి చేసుకోవచ్చు.

భర్తలకు, కుమారులకు మా విన్నపం ఒకటే. ఇంట్లో స్త్రీ గడ్డ ఉందని చెప్పిన నాడు ఖర్చు, దూరం, నలుగురి మాట లెక్కించకండి. దుఆ చేయండి, మరునాడే ఆమెను వెంటబెట్టుకొని ఆసుపత్రికి బయలుదేరండి.