భూ దస్త్రాల తాళం ఎవరి చేతిలో?

తెలంగాణలో ధరణి పోయి భూభారతి వచ్చింది. పేరు మారినంత మాత్రాన రైతు భూమికి భద్రత చేకూరదు. ఏ అధికారి ఏ ఖాతాను మార్చవచ్చో సాఫ్ట్‌వేర్‌లో ఎలా రాశారన్నదే కీలకం.

2020 అక్టోబరు 29న ప్రారంభమైన ధరణిలో సవరణల అధికారం దాదాపుగా కలెక్టర్ల లాగిన్‌కే పరిమితమైంది. పేరులో అక్షరం తప్పినా, విస్తీర్ణంలో గుంట తేడా వచ్చినా తహసీల్దారు చేతులెత్తేయాల్సిందే. అర్జీలు గుట్టలుగా పేరుకున్నాయి. 2024 ఫిబ్రవరి చివర్లో తహసీల్దార్లు, ఆర్డీవోలు, అదనపు కలెక్టర్లకు అధికారాలు పంచారు. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం అప్పీళ్లకూ దారి తెరిచింది.

అధికారం కిందికి దిగేకొద్దీ తనిఖీ బిగియాలి. లాగిన్ అయింది తహసీల్దారేనని తేలితే చాలదు. ఆ సర్వే నంబరు ఆయన మండలంలోనిదేనా, నిషేధిత జాబితాలో ఉందా, కోర్టు స్టే ఉందా, కోరిన సవరణ ఆయన పరిధిలోదేనా అన్నవి ప్రతి మార్పుకు ముందు సర్వరే సరిచూడాలి. తెరపై మీట కనిపించకుండా దాచినంతనే తనిఖీ జరిగినట్లు కాదు. తెలిసినవాడు మీట నొక్కకుండానే సర్వరుకు అభ్యర్థన పంపగలడు. ఏ ఒక్క నిబంధన వద్ద సందేహం వచ్చినా తిరస్కరించడమే సబబు.

ఇంత చేసినా, పని ఒత్తిడి పేరుతో అధికారి తన డిజిటల్ కీని, పాస్‌వర్డును ఆపరేటరుకు అప్పగిస్తే నిబంధనలన్నీ నీరుగారతాయి. సర్వరు లెక్కలో సంతకం చేసింది తహసీల్దారే. అందుకే వేలిముద్రతో పాటు, ఎవరు, ఎప్పుడు, ఏ వివరాన్ని మార్చారో చెరపలేని నమోదు అవసరం. దాన్ని పట్టాదారు సైతం చూసుకునే వీలుంటే తన ఖాతా కదిలిన రోజే రైతుకు తెలుస్తుంది.