ఇల్లొకరిది, వేడిమి యొకరిది

రష్యా రాజధానియగు మాస్కోకు దక్షిణమున పొదోల్స్క్ అను పట్టణము గలదు. 2024వ సంవత్సరము జనవరి 4వ తేదీని ఆ పట్టణములోని క్లిమోవ్స్క్ పేటలో ఇండ్లకు వేడినీటిని పంపు బాయిలరు చెడిపోయెను. వెలుపల చలి సున్నకు దిగువ 20 డిగ్రీలు. వేలకొలది జనులు నూతన సంవత్సరపు పండుగ దినములను ఇండ్లలోనే కోట్లు తొడుగుకొని గడపవలసి వచ్చెను. అందరును ఒక్కసారి విద్యుత్తు పొయ్యిలను వెలిగించుటచే కరెంటును పలుచోట్ల నిలిచిపోయెను. ఆ బాయిలరు మునిసిపాలిటీది కాదు. తుపాకి తూటాలు చేయు నొక ప్రైవేటు కర్మాగారమునకు చెందినది.

ఈ వార్త మనకేల యని పాఠకులు కొంద రనుకొనవచ్చును. గోదావరి తీరమున పుట్టినవానికి చలి యనగా భోగిమంటతో తీరిపోవునది. కాని వేసవిలో మనకు మంచినీ రెట్టిదో, ఆ దేశపు శీతకాలమున వారికి వేడిమి యట్టిది. అది లేనిచో గొట్టములలోని నీరు గడ్డకట్టి గొట్టములు పగులును. పసిబిడ్డలును వృద్ధులును మంచము పట్టుదురు. అంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి గలదు. పలు అంతస్తుల భవనములో ఫ్లాటు కొన్నవాడు వాస్తవముగా దేనిని కొన్నాడు? ఈ ప్రశ్న మన పట్టణములకును వచ్చియున్నది.

1924 నవంబరు 25వ తేదీని లెనిన్‌గ్రాడులో ఫొంతాంకా నదీతీరమునందలి 96వ నెంబరు గృహమునకు ఒక విద్యుత్కేంద్రమునుండి గొట్టముల ద్వారా వేడిమిని పంపిరి. అది మొదలు ఆ దేశపు పట్టణములు పెక్కు ఈ పద్ధతికే అలవడినవి. ఒకచోట నీరు కాగును. దూరదూరములకు గొట్టములలో ప్రవహించి గదిలోని ఇనుప రేడియేటరును వెచ్చజేయును. వంటయింటి పొయ్యి వలె ఇంటివాడు తానై దానిని రగిల్చుకొనజాలడు. సరకు బాగులేదని ప్రక్క అంగడికి పోవుటకును వీలులేదు. 1991 నాటి చట్టముచే, అంతవరకు ప్రభుత్వమునకు అద్దెదారులుగా నున్నవారు తమ ఫ్లాటులకు సొంతదారులు కాగలిగిరి. గోడలు సొంతమైనవి; గోడల వెంట దిగు గొట్టములు మాత్రము ఉమ్మడి సొత్తుగా నిలిచినవి. 2005 మార్చి 1వ తేదీని అమలులోనికి వచ్చిన గృహస్మృతి ప్రకారము, ఈ ఉమ్మడి సొత్తును నేరుగా తామే చూచుకొనుటయో, సంఘముగా నేర్పడి చూచుకొనుటయో, నిర్వాహక కంపెనీకి అప్పగించుటయో సొంతదారులే సభచేరి తీర్మానింపవలెను. వేడిమి నమ్ము సంస్థ బాధ్యత సామాన్యముగా భవనపు వెలుపలి గోడతో ముగియును. లోపలిది నిర్వాహకుల బాధ్యత.

ఈ గోడయే సకల వివాదములకును మూలము. రేడియేటరు చల్లబడినదని మొరపెట్టినచో, నీరే చల్లగా వచ్చుచున్నదని నిర్వాహకు లందురు. నీరు వేడిగనే పంపితిమి, మీ గొట్టములు పూడినవని సంస్థవా రందురు. నడుమ ఇంటివాడు బిల్లు చెల్లించి వణకుచుండును.

శాసనకర్తలు ఈ తగవు నెరుగకపోలేదు. 2011 నాటి 354వ నెంబరు ప్రభుత్వ నిర్ణయము ప్రకారము నివాసపు గదిలో 18 డిగ్రీలకు, మూలగదిలో 20 డిగ్రీలకు వేడిమి తగ్గరాదు. మిక్కిలి శీతల ప్రాంతములలో ఈ లెక్క రెండేసి డిగ్రీలు హెచ్చు. నెల మొత్తముమీద 24 గంటలకు మించి సరఫరా ఆగరాదు. గది 12 డిగ్రీలకు దిగకున్నచో ఒకేమారు 16 గంటలు ఆగవచ్చును. 10కిని 12కిని నడుమ నున్నచో 8 గంటలు. 8కిని 10కిని నడుమ నున్నచో 4 గంటలు మాత్రమే. ఇంటివాడు ఫోనుమీద ఫిర్యాదు చేయగానే దానికొక నెంబరు వేయవలెను. వేరొక వేళ కుదుర్చుకొననిచో రెండు గంటలలో మనిషి వచ్చి కొలిచి పంచనామా వ్రాయవలెను. రాకున్నచో ఇంటివారే వ్రాసికొనవచ్చును. కనీసము ఇద్దరు వినియోగదారులును భవనమండలి అధ్యక్షుడును చేవ్రాలు చేసిన చాలును. ఈ నిబంధనను వ్రాసినవాడు గుమాస్తాల స్వభావము నెరిగినవాడై యుండవలెను!

కాని పరిహారము మాట వచ్చుసరికి ఈ ధైర్యము సడలినది. హద్దుమీరిన ప్రతి గంటకును ఆ నెల వేడిమి రుసుములో నూటికి 0.15 వంతు తగ్గింతురు. దినమునకు లెక్కింపగా 3.6 వంతు లగును. 30 దినముల నెలలో ఒక దినపు వెలయే నూటికి 3.33 కదా! అనగా తాము ఇయ్యని సరకు వెలకు ఇంచుక హెచ్చు మాత్రమే వదలుకొందురు. పాలు పోయని దినమున పాలవాడు పైకము పుచ్చుకొనకుండుట శిక్ష యగునా? మందులకైన ఖర్చు, విద్యుత్తు పొయ్యికైన ఖర్చు, పోయిన నిద్ర ఈ లెక్కలో చేరలేదు. వానికై 1992 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద కోర్టు కెక్కవలెను. కంపెనీ స్వయముగా తీర్పని న్యాయమైన కోరికకు కోర్టు విధించు మొత్తములో సగము జరిమానాగా కూడునని ఆ చట్టము చెప్పుచున్నది. ఇది నిజమైన ఆయుధము. పంచనామా చేతలేనివానికి మాత్రము ఇది పనికిరాదు.

నిర్వాహకుల పక్షమున చెప్పదగిన మాటయు గలదు. గొట్టములు ప్రాతవి, బిల్లులు చెల్లింపనివారు ప్రతి భవనమందు నుందురు, సభకు పిలిచిన రారు. ఇది నిజమే. సభకు రాని సొంతదారుడు తన హక్కును తానే తాళము వేసి పెట్టుకొన్నవాడు. అయినను బకాయి పడినవాని పాపమునకు సక్రమముగా చెల్లించినవాని గదిని చల్లార్చుట ఏ ధర్మము?

పొదోల్స్క్ వారికి ఈ నిబంధనలన్నియు నుండెను. ఏ తీర్మానమును కర్మాగారపు బాయిలరు చెంతకు పోజాలకపోయెను. ఆ నెలలోనే కర్మాగారపు పెద్దను, పట్టణపు ఉన్నతోద్యోగి నొకరిని నిర్బంధించిరి. కర్మాగారమును ప్రభుత్వపరము చేయుదుమని ప్రకటించిరి. బాయిలరు పగిలిన పిమ్మట! పట్టణమునకు ప్రాణాధారమైన యంత్రము ఒకని లాభనష్టములకు లోబడియుండుట తగదని ముందే తోచవలసియుండెను.

మన హైదరాబాదులోను విజయవాడలోను రేడియేటరు స్థానమున బోరునీరును లిఫ్టును నిలుపుకొని చూడుడు. 1987 నాటి అపార్ట్‌మెంటుల చట్టము ఉమ్మడి సొత్తును గుర్తించినది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము, సొంతదారుల సంఘము నిర్వహణను చేపట్టువరకు అత్యవసర సదుపాయములను నడపు భారమును నిర్మాతపై నుంచినది. కాని నీరెన్ని గంటలు రాకున్న రుసుములో ఎంత తగ్గవలెనో ఆ చట్టములలో లెక్క లేదు. ఆ లెక్కను సంఘములే తమ నియమావళిలో వ్రాసికొనవచ్చును: ఫిర్యాదుకు నెంబరు, తనిఖీకి గడువు, నిర్వాహకులు రానిచో ఇరుగుపొరుగుల చేవ్రాలుతో పంచనామా, ఒక దినపు వెలకు రెట్టింపుగా తగ్గింపు. రాబోవు సర్వసభ్య సమావేశపు కార్యక్రమములో మొదటి యంశముగా దీనిని చేర్పవలెనని సంఘముల కార్యదర్శులను కోరుచున్నాము.