చంబా రుమాలు మీద ఎవరి పేరు?

రుమాలు అనగానే మనకు జేబులోంచి తీసి చెమట తుడుచుకునే గుడ్డముక్క గుర్తొస్తుంది. తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లకైతే అది తలకు చుట్టుకునేది. హిమాచల్ ప్రదేశ్‌లోని చంబాలో రుమాలంటే ఈ రెండూ కాదు. వియ్యాలవారి ఇళ్ల మధ్య తిరిగే కానుకల పళ్లెం మీదా, దేవుడి నైవేద్యం మీదా కప్పే చదరపు వస్త్రం. దాని నిండా పట్టుదారంతో కుట్టిన బొమ్మలు: రాసమండలంలో కృష్ణుడు, గోపికలు, వేటకు బయలుదేరిన రాజులు, పాచికలతో చౌపర్ ఆడుకునే జంటలు. మన పెళ్లిళ్లలో సారె మీద కప్పిన గుడ్డను ఎవరూ తిరగేసి చూడరు. చంబా రుమాలును మాత్రం తిరగేసి చూడాల్సిందే. అటు చూసినా ఇటు చూసినా ఒకటే బొమ్మ. ముడి ఎక్కడ పడిందో, దారం ఎక్కడ మొదలైందో ఎంత వెతికినా దొరకదు.

ఊరు చిన్నది. రావి నది పైన, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున, కొండ అంచును పట్టుకుని ఉంటుంది. 2011 లెక్కల్లో జనాభా ఇరవై వేలు కూడా లేదు. పదో శతాబ్దంలో రాజా సాహిల్ వర్మ భర్మౌర్ నుంచి రాజధానిని ఇక్కడికి మార్చాడనీ, కూతురు చంపావతి పేరే ఊరికి పెట్టాడనీ చెప్పుకుంటారు. నడిబొడ్డున చౌగాన్ అనే పచ్చటి మైదానం, దానికి పైన లక్ష్మీనారాయణ ఆలయాల వరుస. మొక్కజొన్న పూత వేళకు మింజర్ జాతర వస్తుంది. మింజర్ అంటే మొక్కజొన్న కంకి పూత. దాన్ని పట్టుతోనూ జరీతోనూ కుచ్చులా కట్టి దుస్తులకు తగిలించుకుంటారు. దేవుడికి సమర్పించే మింజర్‌ను తరతరాలుగా కడుతున్నది మీర్జాల ముస్లిం కుటుంబం. జాతర ముగిసే రోజున మింజర్లు రావి నదిలో కలుస్తాయి. ఈ ఊరి కళ గురించి మాట్లాడేవాళ్లు రాజుల దగ్గరో చిత్రకారుల దగ్గరో మొదలుపెడతారు గానీ, సూదీ దారం దగ్గర మొదలుపెట్టడమే న్యాయం.

చిత్రకారుల ఘనత తక్కువదేమీ కాదు. గులేర్‌కు చెందిన పండిత్ సేవు, ఆయన కొడుకులు మానకు, నైన్‌సుఖ్‌ల కుటుంబం పద్దెనిమిదో శతాబ్దపు పహాడీ చిత్రకళకు వెన్నెముక. నైన్‌సుఖ్ కొడుకు నిక్కా చంబా ఆస్థానానికి పనిచేశాడు. ఈ బంధుత్వాలన్నీ ఇవాళ మనకు తెలుస్తున్నాయంటే కారణం కళాచరిత్రకారుడు బి.ఎన్. గోస్వామి. కాశీలోనో గయలోనో పండా తన పాత పుస్తకం తెరిచి మన ముత్తాత పేరు చదివితే నోరెళ్లబెడతాం కదా, గోస్వామి హరిద్వార్‌లో వెతికింది అలాంటి బహీలనే. తీర్థయాత్రకు వచ్చిన చిత్రకారులు తమ ఊరు, తండ్రి, తాత పేర్లు అందులో రాయించుకున్నారు. 1763లో నైన్‌సుఖ్ స్వయంగా రాసిన పుటలో బొమ్మ కూడా గీశాడు. ఈ ఆధారాలతో 1968లో గోస్వామి ఒక వ్యాసం ప్రచురించారు. పహాడీ శైలిని రాజ్యాలవారీగా కాదు, కుటుంబాలవారీగా చూడాలని అందులో వాదించారు. అంతవరకూ పేరు లేని చిత్రకారులకు వంశవృక్షం వచ్చింది.

రుమాళ్లు కుట్టిన స్త్రీలకు అలాంటి బహీ ఏదీ లేదు.

ఆ పని జరిగే తీరు తెలిస్తే ఈ లోటు ఎంత పెద్దదో అర్థమవుతుంది. చేతితో వడికిన నూలుతో నేసిన పలచటి గుడ్డ మీద చిత్రకారుడు బొగ్గుతో రేఖ గీస్తాడు. ఎక్కడ ఏ రంగు రావాలో సూచిస్తాడు. గుడ్డ ఇంట్లోకి వెళ్తుంది. అక్కడ స్త్రీ పురి పెట్టని పట్టుదారం తీసుకుంటుంది. పురి లేదు కాబట్టి దారం పలచగా పరుచుకుని రంగు పూసినట్టే కనిపిస్తుంది, కానీ కాస్త గట్టిగా లాగితే గుడ్డ ముడుచుకుపోతుంది. కుట్టు పేరు దో-రుఖా, రెండు ముఖాలది. సూది వేసిన ప్రతి పోటూ పైనా కిందా ఒకేసారి బొమ్మను నింపాలి. మామూలు ఎంబ్రాయిడరీలో వెనకవైపు తప్పులు దాచుకోవడానికి చోటుంటుంది. ఇక్కడ వెనకవైపంటూ లేదు. ఆఖరున నల్లదారంతో అంచులు తీరుస్తారు. సన్నటి పని అయితే ఒక్క రుమాలుకు నెలలు పడుతుంది. గీసినవాడి పని అయిపోయాక కూడా కుట్టే ఆమె పని అన్నాళ్లు సాగుతుంది. చిత్రకారుడి గీతతో పనిలేకుండా పల్లె స్త్రీలు సొంతంగా బొమ్మ గీసుకుని, ముదురు రంగుల్లో కుట్టుకున్న రుమాళ్లూ ఉన్నాయి. పండితులు వాటిని జానపద శైలి అని పక్కకు పెట్టారు. గీతా కుట్టూ రెండూ ఆమెవే అయిన పనికి ఒక మెట్టు తక్కువ స్థానం ఇవ్వడం ఏ లెక్క?

సంస్థానాలు పోయాక పోషణ పోయింది. చంబా రంగమహల్ గోడల మీది కుడ్యచిత్రాలను ఊడదీసి ఢిల్లీ నేషనల్ మ్యూజియంకు తరలించారు. అవి భద్రంగానే ఉన్నాయి, కానీ చంబా పిల్లలు వాటిని చూడాలంటే ఢిల్లీ వెళ్లాలి. ఊళ్లో మిగిలిన పెద్ద నిధి 1908లో తెరిచిన భూరీసింగ్ మ్యూజియం. తెలుగువాళ్లకు ఆ మ్యూజియంతో ఒక చుట్టరికం ఉంది. శాంతినికేతన్‌లో చదివిన జగదీశ్ మిత్తల్ యువకుడిగా కొంతకాలం అక్కడ పనిచేసి, 1951లో హైదరాబాద్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. భార్య కమలతో కలిసి సేకరించిన కళాఖండాలతో 1976లో మ్యూజియం నెలకొల్పి, 2025 జనవరిలో కన్నుమూశారు.

చంబా రుమాలును ఇంతవరకూ లాక్కొచ్చింది మాత్రం ఎక్కువగా ఆడవాళ్ల చేతులే. ఈ కుట్టుకే మహేశీ దేవి జాతీయ పురస్కారం అందుకున్నారు. 1990ల్లో ఢిల్లీ క్రాఫ్ట్స్ కౌన్సిల్ మ్యూజియంలలోని పాత రుమాళ్లను నమూనాగా పెట్టి మళ్లీ కుట్టించింది. రేఖలు గీయడానికి చంబా చిత్రకారుడు విజయ్ శర్మ తోడయ్యారు. ఏళ్ల తరబడి అమ్మాయిలకు ఈ కుట్టు నేర్పిన లలితా వకీల్‌కు 2022లో పద్మశ్రీ వచ్చింది. మంచి మాటే. కానీ పద్మశ్రీ ఒకరికి వస్తుంది, కుట్టేవాళ్లు ఎందరో ఉంటారు.

చంబా రుమాలుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. దాంతో అంతా సర్దుకుందని ప్రభుత్వాలు అనుకుంటే పొరపాటు. ఆ ముద్ర ఊరి పేరును కాపాడుతుంది, మనిషి పేరును కాదు. మన పోచంపల్లి ఇక్కత్‌కూ ఆ గుర్తింపు ఉంది. బీరువాలో మడతపెట్టుకున్న చీర ఎవరి మగ్గం మీద నుంచి వచ్చిందో మనలో ఎంతమందికి తెలుసు? జానపద కళకు కర్త ఉండడు, అదే దాని అందం అని కొందరు పెద్దలు అంటారు. వినడానికి బాగుంటుంది. అయితే హరిద్వార్ దాకా వెళ్లి పేరు రాయించుకునే వీలు దొరికినప్పుడు చిత్రకారులు వదులుకోలేదు. కుట్టిన స్త్రీలను పేరు చెప్పమని అడిగినవాళ్లే లేరు. పైగా ఇది ఒట్టి గౌరవం సంగతే కాదు. పేరుంటే ఆ చేతి పనే కావాలని అడిగేవాళ్లు వస్తారు, అడిగేవాళ్లుంటే ధర చెప్పే ధైర్యం ఆమెకు వస్తుంది. పేరు లేనంతకాలం నెలల పని కూడా మెషీన్ కుట్టు పక్కన కూర్చుని బేరానికి తలవంచాలి.

చేయాల్సింది పెద్ద పథకమేమీ కాదు. ప్రభుత్వ దుకాణాల్లో అమ్మే ప్రతి రుమాలుకూ ఒక చీటీ ఉండాలి. గీసినవారి పేరు, కుట్టినవారి పేరు, పట్టిన రోజులు అందులో రాయాలి. మ్యూజియంలు కొత్తగా తీసుకునే వాటికైనా ఇదే నియమం పెట్టుకోవాలి. డల్హౌసీ, ఖజ్జియార్ చూడటానికి వెళ్లే తెలుగు యాత్రికులు చంబాలో ఒక పూట ఆగండి. రుమాలు కొంటే తిరగేసి చూడండి, ధర అడిగే ముందు కుట్టిన ఆమె పేరు అడగండి.