ఆ పెట్టె కంటే ఉప్పు డబ్బా ముఖ్యం

మా పెద్ద వదినగారికి పదిహేనేళ్లుగా షుగరు, దానికి తోడు బీపీ. కిందటేడు కాళ్లు వాస్తే "పెళ్లిపనుల్లో తిరుగుడు ఎక్కువైందిలే" అని సరిపెట్టుకున్నారు. తీరా రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 2.6 ఉంది. ఇంటిల్లిపాదీ హడలిపోయాం. సరిగ్గా అప్పుడే ఎవరో ఫ్రీక్వెన్సీ థెరపీ గురించి చెప్పారు. చేతులకి పట్టీలు కడతారట, పెట్టెలోంచి తరంగాలు వెళ్లి కిడ్నీలను మేల్కొలుపుతాయట, ఇక మందులతో పనిలేదట! పైగా రోజూ రెండు కొబ్బరిబోండాలు తాగమన్నారు. వదినగారు మూణ్ణెల్లు వెళ్లారు, బీపీ మాత్ర మానేశారు. ఓ రాత్రి గుండెదడ, కాళ్లలో సత్తువ లేదు. ఆస్పత్రికి పరిగెత్తితే రక్తంలో పొటాషియం ప్రమాదస్థాయికి చేరిందన్నారు. సమయానికి వెళ్లాం కాబట్టి బతికిపోయారు.

"చదువుకున్నదానివి, ఎలా నమ్మావమ్మా?" అని అందరూ ఆవిణ్ణే తిట్టారు. నాకు మాత్రం తిట్టబుద్ధి కాలేదు. పెద్ద డాక్టరుగారు రెండు నిమిషాలు చూసి చీటీ రాసిచ్చారు. పెట్టె ఆయన అరగంట కూర్చోబెట్టి, "అమ్మా, నిద్ర పడుతోందా?" అని అడిగాడు. ఇంట్లో అందరి బాగోగులూ చూసే ఆడదాన్ని ఆ మాట అడిగేవాళ్లెవరు? మనం నమ్మింది తరంగాలను కాదు, ఆ పలకరింపును. డాక్టర్లూ, ఇంట్లోవాళ్లూ ఈ సంగతి గ్రహించాలి.

ఈ పెట్టెల మాయ కొత్తదేమీ కాదు. వందేళ్ల క్రితమే అమెరికాలో ఆల్బర్ట్ ఏబ్రమ్స్ అనే డాక్టరు ప్రతి రోగానికీ ఓ కంపనం ఉందని చెప్పి, ఇలాంటి పెట్టెలు అద్దెకిచ్చాడు. వాటిని తెరవకూడదని షరతు! తెరిచి చూసినవాళ్లకు కనిపించింది అర్థంపర్థం లేకుండా కలిపిన తీగలూ, కరెంటు సామానూ.

"మరి కిడ్నీలో రాళ్లను తరంగాలతోనే పగలగొడతారు కదా?" అని మీరడగొచ్చు. నిజమే. 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో ఆ వైద్యం మొదలైంది. కానీ అక్కడ రాయి ఎక్కడుందో చూసి, దానికి గురిపెట్టి కొడతారు. రాయి పగలడం వేరు, పాడైన కిడ్నీ బాగుపడడం వేరు. ఒక్కో కిడ్నీలో వడపోత చేసే నెఫ్రాన్లు సుమారు పది లక్షలుంటాయి. చనిపోయిన నెఫ్రాన్ మళ్లీ పుట్టదు. మిగిలినవాటిని కాపాడుకోవడమే మన చేతిలో ఉన్న పని. ఏ పెట్టె అయినా ఆ పని చేస్తుందనడానికి రుజువు లేదు.

వంటింట్లో మాత్రం మనం చేయగలిగింది చాలా ఉంది. మనిషికి రోజుకు ఉప్పు 5 గ్రాములు, అంటే సుమారు ఒక చెంచా, మించకూడదు. మన ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలతోనే ఆ లెక్క దాటిపోతుంది. సోడియం తక్కువని అమ్మే ఉప్పు మంచిదనుకుంటాం గానీ, అందులో పొటాషియం కలుస్తుంది. కిడ్నీ రోగులు డాక్టరునడక్కుండా దాని జోలికి పోకూడదు. పొటాషియం ఎక్కువున్నవాళ్లకి కొబ్బరినీళ్లు, అరటిపండు కూడా పడవు. కూరగాయలు చిన్నముక్కలు చేసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోస్తే కొంత పొటాషియం పోతుంది. పప్పు, గుడ్డు పూర్తిగా మానేస్తే మనిషి శుష్కించిపోతుంది. ఎంత తినాలో, నీళ్లెన్ని తాగాలో మీ రిపోర్టులు చూసి చెప్పాల్సిందే. పక్కింటావిడకి పనిచేసింది మీకు విషం కావచ్చు. మోకాళ్లనొప్పులని మందులషాపులో అడిగి తెచ్చుకునే నొప్పిబిళ్లలూ కిడ్నీలకు శత్రువులే.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో షుగరూ, బీపీ లేనివాళ్లకి కూడా ఈ జబ్బు వస్తోంది. కారణం ఇంకా తేలలేదు. కారణం తెలియని జబ్బు దగ్గర ఆశ అమ్మడం మరీ తేలిక. అందుకే మనం మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఇంకో మాట. మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పెట్టించుకునేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు. భర్తకో, బిడ్డకో కిడ్నీ ఇవ్వడానికి వెనకాడని మనం, మన కిడ్నీల కోసం ఓ పరీక్ష చేయించుకోలేమా? షుగరు, బీపీ ఉన్నవాళ్లు ఏడాదికోసారి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూపించుకుంటే చాలు, జబ్బు ముదరకముందే తెలుస్తుంది.

వదినగారు ఇప్పుడు బీపీ మాత్ర మానడం లేదు. ఆవకాయ జాడీ మాత్రం మా ఇంటికి పంపించేశారు. మేమూ దాన్ని తక్కువగానే ముట్టుకుంటున్నాం.