మొదటి స్పాటింగ్ స్కోప్: 60ఎక్స్ చూసి పడిపోకండి

ఫోన్లలో 100ఎక్స్ జూమ్ చూసి మోసపోయినట్టే, స్కోప్ కొనేటప్పుడూ చాలామంది 60ఎక్స్ నంబర్‌కే పడిపోతున్నారు. ఎండాకాలం పొద్దున పది దాటాక భూపాలపల్లి జిల్లా గణపురం చెరువు గట్టు మీద ఆ 60ఎక్స్ పెట్టి చూడండి. నీటి మీది వేడిగాలికి దూరంగా ఉన్న బాతు అలలా ఊగుతుంది. ఎంత ఖరీదైన గ్లాసైనా దానికేం చేయలేదు. పైగా 65ఎంఎం స్కోప్‌లో కంటికి చేరే కాంతి వలయం 20ఎక్స్ దగ్గర 3.25ఎంఎం, 60ఎక్స్ దగ్గర 1ఎంఎం చిల్లర. అంటే బొమ్మ మసకే.

నా ఓటు 65ఎంఎం యాంగిల్డ్ మోడల్‌కే. పొడుగువాళ్లూ పొట్టివాళ్లూ ఒకే ట్రైపాడ్ మీద చూడొచ్చు, అడాప్టర్‌తో ఫోన్ తగిలించొచ్చు. (ఎగిరే పిట్టల ఫొటోలు కావాలంటే మాత్రం కెమెరా, టెలీ లెన్సే.) మిగిలిన డబ్బు మంచి ట్రైపాడ్‌కి పెట్టండి. నేను పెట్టలేదు, మొదటి నెల ఫొటోలన్నీ షేకే.