వీరుని వార్ధక్యము

దొంగలు పైబడినపుడు గాండీవము ఎక్కుపెట్టుటకే శ్రమపడిన అర్జునుని మౌసల పర్వమున చదివిన విద్యార్థులకు, 2017లో వెలువడిన ‘లోగన్’ అను అమెరికా చలనచిత్రము వింతగా తోచదు. బొమ్మల కథల వీరుడైన వుల్వరిన్ పాత్రను హ్యూ జాక్‌మన్ 2000 నుండి ధరించుచుండెను. దర్శకుడు జేమ్స్ మాంగోల్డ్ ఇందు ఆ వీరునికి ముసలితనము నిచ్చెను. క్షణములో మానెడి గాయములు ఇపుడు మానవు. ఎముకలనంటిన లోహమే విషమై ప్రాణము తీయుచున్నది.

పోరాటములకన్న మమ్ము కదిలించినది గురుసేవ. మతి చెదరిన చార్లెస్ జేవియర్‌కు విసుగుకొనుచునే మందిచ్చును, చేతులమీద ఎత్తి పరుండబెట్టును. లారా అను బాలిక చాలసేపు మూగవలె నుండి, తుదకు స్పానిషున విరుచుకుపడును. లోగన్‌కు అర్థము కాదు. ఇంటిభాష యొకటి, వీధిభాష యొకటియైన మన పిల్లలకు ఈ ఘట్టమును వివరింప నక్కరలేదు.

తలిదండ్రులకొక మాట. ఇందు రక్తపాతము మెండు. అమెరికాలో 17 ఏండ్లలోపు వారిని పెద్దలు వెంటలేనిదే అనుమతింపలేదు. మన పిల్లలు ఎదిగినపిమ్మట చూతురుగాక.

మాకు నచ్చనిది ఆ తరువాత జరిగినది. లోగన్ మరణమునకు జనులు నిజముగ కంటతడి పెట్టిరి. 2024లో వేరొక చిత్రమున ఆ సమాధినే త్రవ్వి, ఎముకలతో వినోదించి, మరియొక లోకపు వుల్వరినని అదే నటుని తెరపైకి తెచ్చిరి. 130 కోట్ల డాలర్లకు మించి ఆర్జించిరి. మాకు మాత్రము నవ్వు రాలేదు.